ఓరుగల్లు పాటకు ఎన్ని రూపాలు!

తెలంగాణ రాష్ట్ర గీతం ‘జయ జయహే తెలంగాణ’ అధికారికంగానే రెండు రూపాల్లో ఉంది. ఒకటి సుమారు రెండున్నర నిమిషాలది. ప్రభుత్వ కార్యక్రమాల్లో జనం లేచి నిలబడి వినడానికి వీలుగా మూడు చరణాలకు కుదించారు. రెండోది దాదాపు పదమూడున్నర నిమిషాలది. చరణాలన్నీ అందులో ఉన్నాయి. ఎం.ఎం. కీరవాణి స్వరపరచిన ఈ రెండూ 2024 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దశాబ్ది వేడుకల నాడు జనం ముందుకు వచ్చాయి. అంతకుముందు మలిదశ ఉద్యమం పొడవునా ఇదే పాట వేరే నడకల్లో సాగింది. సభల్లో డప్పు దరువు మీద పాడారు. బడుల్లో ప్రార్థన వేళ వాద్యమేదీ లేకుండా పిల్లలు పాడారు. రచయిత అందెశ్రీ ఒంటరిగా గొంతెత్తి పాడినప్పుడు అది ఇంకో రకంగా ఉండేది.

అందెశ్రీ అసలు పేరు అందె ఎల్లయ్య. 1961లో నాటి వరంగల్ జిల్లా మద్దూరు మండలం రేబర్తిలో పుట్టారు. బడి మొహం చూడలేదు. చిన్నతనంలో పశువులు కాశారు, పెద్దయ్యాక తాపీ పని చేశారు. పాటను కాగితం మీద కాకుండా నోట్లోనే కట్టుకోవడం ఆయన పద్ధతి. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2025 నవంబరు 10న కన్నుమూశారు. ఆయన గీతంలో పోతన, రుద్రమ, రామప్ప గుడి అన్నీ ఉన్నాయి కాబట్టి అది ఓరుగల్లు పాట కూడా.

ఈ పాట మాటల్లోనూ మార్పు జరిగింది. ఉద్యమ కాలంలో తెలంగాణకు 10 జిల్లాలు. పాటలో ఆ లెక్కే ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. పాత వరంగల్ జిల్లా ఒక్కటే వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిగా విడిపోయింది. ఆ తర్వాత ములుగు వచ్చి చేరింది. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్‌కు వరంగల్ పేరు మిగిలింది. దాంతో 2024 నాటి రాష్ట్ర గీతంలో 10 జిల్లాల ప్రస్తావన ఉన్న చోట మాట మార్చాల్సి వచ్చింది. ఉద్యమ కాలపు రికార్డింగుకూ ఇప్పటి రికార్డింగుకూ తేడా బాణీలో, వాద్యాల్లో మాత్రమే లేదు. వాటి మధ్య పదేళ్ల పరిపాలన చరిత్ర ఉంది. పాత రూపం పోతే ఆ చరిత్రకు సాక్ష్యం కూడా పోతుంది.

బాణీ మారడం మీద వాదం కూడా నడిచింది. తెలంగాణ పాటకు ఆంధ్ర ప్రాంతపు సంగీత దర్శకుడు ఎందుకని తెలంగాణ సినీ సంగీత కళాకారుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఎంపికను రచయితకే వదిలేశామని ప్రభుత్వం బదులిచ్చింది. ఏళ్ల తరబడి ఒక నడకకు అలవాటుపడిన చెవికి కొత్త నడక వెంటనే రుచించదు. ప్రపంచంలో చాలా పాటలకు కొత్త రూపం కట్టినప్పుడు ఇదే జరిగింది.

ఇలాంటి రూపాంతరాల వ్యవహారం ఒక పద్ధతిలో కనిపించేది రాక్ బ్యాండ్‌ల దగ్గర. స్టూడియోలో ఒకే పాటను చాలాసార్లు పాడి రికార్డు చేస్తారు. ఒక్కో ప్రయత్నం ఒక్కో టేక్. వాటిలో ఒకటి ఆల్బమ్‌లోకి వెళుతుంది, మిగిలినవి టేపు పెట్టెల్లో ఉండిపోతాయి. పాట పుట్టిన కొత్తలో ఇంట్లో గిటార్ పట్టుకుని పాడుకున్నది డెమో. కచేరీలో పాడింది లైవ్. గొంతు, డ్రమ్స్, గిటార్ వేర్వేరు ట్రాకుల్లో ఉంటాయి కాబట్టి వాటి పాళ్లు మార్చి మళ్లీ కలిపితే రీమిక్స్. పాళ్లు ముట్టుకోకుండా చివరి ధ్వనిని మాత్రం శుభ్రం చేస్తే రీమాస్టర్. ఈ నాలుగైదు మాటలూ తెలిస్తే ఏ బ్యాండ్ పాత సంపుటినైనా విప్పి చూడవచ్చు.

బీటిల్స్ పాట ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ ఇందుకు మంచి ఉదాహరణ. 1967లో విడుదలైన ఆ పాట నిజానికి రెండు వేర్వేరు టేకుల అతుకు. రెండింటి శ్రుతీ వేరు, వేగమూ వేరు. ఒక టేక్‌లో మొదలు బాగుంది, ఇంకోదానిలో చివర బాగుంది అని జాన్ లెనన్ పట్టుబట్టడంతో నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ టేపు వేగం సర్ది రెండింటినీ కలిపారు. 1996లో ‘ఆంథాలజీ 2’ సంపుటిలో ఆ పాట తొలి డెమోలు, మొదటి టేక్ బయటికి వచ్చాక శ్రోతకు పాట కట్టిన తీరు మెట్టు మెట్టుగా వినిపించింది. ‘లెట్ ఇట్ బి’ ఆల్బమ్‌కు ఫిల్ స్పెక్టర్ చేర్చిన ఆర్కెస్ట్రాను తీసేసి 2003లో ‘లెట్ ఇట్ బి... నేకెడ్’ తెచ్చారు. బాబ్ డిలన్ పక్కన పెట్టిన టేకులు 1991 నుంచి ‘బూట్‌లెగ్ సిరీస్’గా వరసగా వస్తున్నాయి. ఇవన్నీ సాధ్యపడింది టేపు పెట్టె మీద రాసిన నాలుగు ముక్కల వల్ల: తేదీ, టేక్ సంఖ్య, వాయించినవారి పేర్లు, స్టూడియో.

రీమిక్స్ మాత్రం రాక్‌లో పుట్టలేదు. 1960ల చివర, 70లలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ లాంటి సౌండ్ ఇంజనీర్లు పాటలోంచి గొంతు తీసేసి, బేస్‌నూ డ్రమ్స్‌నూ పైకి లేపి, ప్రతిధ్వని జోడించి రికార్డు రెండో వైపు వేశారు. వీధుల్లో పెద్ద స్పీకర్లు పెట్టి వాటికి జనాన్ని ఆడించారు. ఆ వీధి దృశ్యం వరంగల్‌కు కొత్తేమీ కాదు.

వరంగల్‌లో రాక్ లేదని కాదు. ఎన్‌ఐటీ విద్యార్థుల ‘స్ప్రింగ్ స్ప్రీ’లో ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతూనే ఉంటాయి. కానీ రూపాంతరాలతో నిండిన పాత సంపుటి ఈ నేల మీద ఏదైనా ఉందంటే అది జానపదానిదే. అదే ఒగ్గు కథ, బతుకమ్మ పాట, మేడారం పాట, ఉద్యమ పాట. ఆ సంపుటి ఏ బ్యాండ్ సంపుటికన్నా పెద్దది. దానికి లేనిదల్లా టేపు పెట్టె మీది ఆ నాలుగు ముక్కలే.

ఒగ్గు కథను చూస్తే నిడివి సంగతి అర్థమవుతుంది. మల్లన్న కథో బీరప్ప కథో పట్నం (రంగుల ముగ్గు) వేసి పండుగ చేసే ఇంటి ముందు చెబితే రాత్రంతా సాగుతుంది, కొన్నిసార్లు మరునాటికీ సాగుతుంది. ప్రధాన కథకుడు ఒక వాక్యం అందుకుంటే వంతపాటగాడు దాన్ని సాగదీస్తాడు. డోలు, తాళం దాన్ని ఎత్తుకుంటాయి. మధ్యలో హాస్యం, పిట్టకథ, ఆ ఊరి ముచ్చట వచ్చి చేరతాయి. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935-2017) ఈ కళను ఊరి గుడి ముందు నుంచి ఢిల్లీ వేదికల దాకా తీసుకెళ్లారు. వేల ప్రదర్శనలు ఇచ్చారు. వేదిక మీద గంటే సమయం ఉంటుంది. రేడియోలోనైతే అంతకన్నా తక్కువ. రాత్రి కథను గంటకు కుదించాలంటే ఏ ఘట్టం ఉంచాలి, ఏ దరువు వదలాలి అని కథకుడే తేల్చుకోవాలి. స్టూడియోలో కత్తెర పట్టినవాడు చేసే పని అదే. సత్తయ్య దాన్ని జనం కళ్లెదుట, గొంతుతోనే చేశారు. ఆయన కథ చిన్న రూపాన్ని విన్నవారు దేశమంతా ఉన్నారు. రాత్రంతా సాగే రూపం మాత్రం విన్నవాళ్ల జ్ఞాపకంలోనే ఎక్కువగా మిగిలింది.

బతుకమ్మ పాటల్లో రూపాంతరం మరో తీరుగా పుడుతుంది. ఒకే కథను ‘ఉయ్యాలో’ అనే వంతకు కట్టి పాడవచ్చు, ‘చందమామ’కూ కట్టవచ్చు, ‘కోల్’కూ కట్టవచ్చు. వంత మారితే పాదం కొలత మారుతుంది. కొలత మారితే మాటలు అటూ ఇటూ జరుగుతాయి, కొన్ని రాలిపోతాయి, కొన్ని కొత్తగా వచ్చి పడతాయి. చప్పట్ల దెబ్బ ఎక్కడ పడాలో కూడా మారుతుంది. బతుకమ్మ తొలి రోజైన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర వందల మంది గుంపులుగా ఆడుతుంటే పక్కపక్క గుంపుల్లో ఒకే కథ రెండు నడకల్లో వినిపిస్తుంది. వాటిలో ఏది అసలు అని అడగడంలో అర్థం లేదు. రెండూ అసలువే.

ఆ బతుకమ్మకే 2021లో ఎ.ఆర్. రహమాన్ సంగీతంతో ‘అల్లిపూల వెన్నెల’ వచ్చింది. తెలంగాణ జాగృతి తెచ్చిన ఆ పాటకు గౌతమ్ మీనన్ దర్శకుడు, రచయిత మిట్టపల్లి సురేందర్. సురేందర్‌ది పాత వరంగల్ జిల్లాలోని వెలిశాల. ‘పోరు తెలంగాణ’ సినిమా కోసం ఆయన రాసిన ‘రాతి బొమ్మల్లోన’ పాట అమరవీరుల సంతాప సభల్లో ఎందరి గొంతుల్లోనో మారుమోగింది. తెర మీది పాటకు ఒక నిడివి ఉంటుంది. సంతాప సభలో పాడినప్పుడు పాడేవాళ్లు ఒక పాదాన్ని మళ్లీ మళ్లీ అందుకుంటారు, సందర్భాన్ని బట్టి మధ్యలో ఆపి మాట్లాడతారు, మళ్లీ ఎత్తుకుంటారు. ఆ సభల్లో విన్నవారికి సినిమా రికార్డింగు ఆ పాటలో కొంత మాత్రమే అనిపిస్తుంది.

సమ్మక్క జాతర జరిగే మేడారం దగ్గరికి వచ్చేసరికి కథే రెండుగా చీలుతుంది. కాకతీయ ప్రతాపరుద్రుడికి కప్పం కట్టలేమన్న కోయలు, యుద్ధం, సంపెంగ వాగు జంపన్న వాగు కావడం, చిలుకలగుట్ట మీద సమ్మక్క అదృశ్యం కావడం... జాతర వచ్చిన ప్రతిసారీ కొత్తగా విడుదలయ్యే పాటలన్నీ దాదాపు ఈ దారినే పోతాయి. ఒకప్పుడు క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఇప్పుడు యూట్యూబ్. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి ముందు వరదలా వస్తాయి. కోయ డోలి కళాకారులు చెప్పే కథ మాత్రం వేరు. వారు గొట్టుగోత్రాలు, వంశావళి, వలస దారులు చెబుతారు. బొమ్మల పడిగె గుడ్డను ముందు పెట్టుకుని డోలు మీద కోయ భాషలో పాడతారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పరంపర గాయకుడు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఆయన గొంతులో ఉన్న సమ్మక్క, ఆమె భర్త పగిడిద్దరాజు కథలు జాతర పాటల్లో వినిపించవు. జనం ఎక్కువగా విన్న రూపమే కాలం గడిచేకొద్దీ ఒక్కటే రూపంగా నిలబడిపోతుంది. రూపాంతరాలను భద్రపరచాలని అడగడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

పాట ఊరి నుంచి తెర మీదికి వెళ్లడం కూడా పాత కథే. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’, బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి గట్టి’ పోరాట సభల్లో చాలా ఏళ్లు తిరిగాక గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ సినిమాలోకి వచ్చాయి. బి. నర్సింగరావు నిర్మించిన ఆ సినిమాలో ‘బండెనక బండి’ పాడుతూ గద్దర్ కనిపిస్తారు. తర్వాతి తరాలకు ఆ రెండు పాటలూ ఆ సినిమా నడకలోనే తెలుసు. సభలో పాడినప్పుడు గద్దర్ చరణానికీ చరణానికీ మధ్య ఆ నాటి ముచ్చట చెప్పేవారు, జనాన్ని వంత పాడించేవారు. ఆయన పాట ‘పొడుస్తున్న పొద్దు మీద’ 2011లో ‘జై బోలో తెలంగాణ’ సినిమాకు ఎక్కినప్పుడు తెరకు తగ్గ కొలతలో కుదిరింది. ఆ సినిమా సంగీత దర్శకుడు చక్రి కూడా పాత వరంగల్ జిల్లా వాడే. మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లి ఆయన ఊరు.

హనుమంతు కొడుకు సుద్దాల అశోక్ తేజ చేతి మీదుగానే పదేళ్ల తర్వాత మరో జానపదం తెరకెక్కింది. ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగదరియా’ 2021 ఫిబ్రవరి ఆఖరున విడుదలైంది. పవన్ సీహెచ్ సంగీతం, మంగ్లీ గొంతు, సాయిపల్లవి ఆట. నెల దాటి కొద్ది రోజులైందో లేదో యూట్యూబ్‌లో 10 కోట్ల వీక్షణలు దాటింది. ఆ జోరులోనే వివాదం రేగింది. పాటను తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాననీ, ‘రేలారే రేలా’ టీవీ కార్యక్రమంలో తానే పాడి వెలుగులోకి తెచ్చాననీ, సినిమాలో తన ఊసే లేదనీ వరంగల్ ప్రాంత జానపద గాయని కోమలి ముందుకొచ్చారు. జానపదం ఎవరి సొత్తూ కాదనీ, పల్లవి జనానిదనీ, చరణాలు తాను కొత్తగా రాసినవనీ అశోక్ తేజ చెప్పారు. అదే కార్యక్రమంలో శిరీష అనే మరో గాయని పాడగా విన్నానని దర్శకుడు శేఖర్ కమ్ముల వివరించారు. చివరికి కోమలి పేరు వేస్తామనీ, పారితోషికం ఇస్తామనీ, పాటల వేడుకలో ఆమె చేత పాడిస్తామనీ ఆయన బహిరంగంగా మాట ఇవ్వడంతో గొడవ సద్దుమణిగింది.

ఈ వివాదంలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. అమ్మమ్మ పాడినది ఒక రూపం. మనవరాలు టీవీలో పాడినది రెండోది, మరో గాయని పాడినది మూడోది, సినిమా పాట నాలుగోది. నాలుగింటికీ పల్లవి ఒకటే. ఏది ఎప్పుడు ఎవరి గొంతులో వచ్చిందో ఒక చోట రాసి ఉంటే ఎవరికి ఏం దక్కాలో తేల్చడానికి పత్రికల్లో వాదులాడుకోవాల్సిన పని ఉండేది కాదు. తొలి సేకరణ చేసినవారి శ్రమకు గుర్తింపు ఒకరి మంచితనం మీద ఆధారపడడం జానపద గాయకులకు జరుగుతున్న అన్యాయం.

చట్టం కూడా ఇక్కడ సగం దూరమే వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు ప్రచురణ నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంది. రచయిత తెలిసిన పాటను మళ్లీ పాడి కవర్ వెర్షన్ తేవాలంటే 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ వర్తిస్తుంది. మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందుగా తెలియజేయాలి. ఏడాదికి కనీసం 50 వేల ప్రతులకు రాయల్టీ కట్టాలి. అది కవర్ అని స్పష్టంగా చెప్పాలి. పాటను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. గాయకులకు ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. తమ పేరు చెప్పాలని అడిగే నైతిక హక్కు కూడా 2012 నుంచే ఉంది. ఇవన్నీ అందెశ్రీ పాటకో సురేందర్ పాటకో వర్తిస్తాయి. రచయిత ఎవరో తెలియని జానపదానికి మాటల మీద, బాణీ మీద హక్కుదారు ఎవరూ ఉండరు. దాన్ని రికార్డు చేసినవారికి ఆ రికార్డింగు మీద హక్కు వస్తుంది. ఊళ్లు తిరిగి వెతికి తెచ్చినవారికి సేకర్తలుగా ఏ హక్కూ రాదు.

రీమిక్స్ విషయానికొస్తే, వరంగల్ వీధిలో ఇవాళ జానపదం ఎక్కువగా వినిపించేది డీజే బండి మీదే. పెళ్లి బరాత్, వినాయక నిమజ్జనం, బోనాలు, జాతర... సందర్భం ఏదైనా ‘రోడ్ షో మిక్స్’, ‘తీన్మార్ మిక్స్’, ‘చాటల్ బ్యాండ్ మిక్స్’ అనే పేర్లతో పాటలు వస్తాయి. పని జరిగే తీరు ఇది. కంప్యూటర్‌లో పాటను తెరిచి వేగం పెంచుతారు. గొంతు సన్నగా కీచుమనకుండా శ్రుతిని విడిగా సర్దుతారు. పాత తాళం మీద కొత్త తీన్మార్ దెబ్బ పరుస్తారు. పాటలో అసలున్న డప్పు దానితో కలవకపోతే దాన్ని అణిచేసి బేస్ పెంచుతారు. పల్లవిని ముక్కలు చేసి, జనం ఎగిరే చోట ఒక్క క్షణం నిశ్శబ్దం పెట్టి, ఆ వెంటనే దరువు మొత్తం ఒక్కసారిగా వదులుతారు. చరణాలు చాలాసార్లు ఉండవు. బీరప్ప కథ చెప్పే పాటలో బీరప్ప పేరు, దరువు మాత్రమే మిగిలిన సందర్భాలు ఉన్నాయి.

దీన్ని కళకు పట్టిన చెదగా తీసిపారేయడం సరికాదు. నడకకు తగ్గట్టు పాటను కుదించడం ఒగ్గు కథకుడూ చేశాడు, సినిమా సంగీత దర్శకుడూ చేశాడు. మంచి మిక్స్ చేసేవాడికి డోలు దెబ్బకూ డప్పు దెబ్బకూ తేడా తెలుసు. చిక్కల్లా పేరు దగ్గరే. మిక్స్ మొదట్లో, మధ్యలో, చివర్లో డీజే పేరు మూడుసార్లు వినిపిస్తుంది. పాడినవారి పేరు ఒక్కసారీ వినిపించదు. నిమజ్జనం రోజున ఊరంతా ఊగిన పాటను ఏ ఊరి ఆడపడుచు పాడిందో ఆ ఊరేగింపులో ఒక్కరూ చెప్పలేరు.

ఇలాంటి రూపాంతరాల లెక్క రాయడం ఎలాగో వరంగల్ వారే ఒకరు డెబ్బయ్యేళ్ల కిందట చూపించారు. దేవనూరులో 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ పొందారు. పల్లె పాటలను విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హమైన విషయంగా నిలబెట్టినవారిలో ఆయన మొదటివారు. ఒక పాటకు వేర్వేరు చోట్ల దొరికిన పాఠాలను పక్కపక్కన పెట్టి చదవడం, ఎక్కడ పాదం పెరిగింది, ఎక్కడ మాట మారింది అని చూడడం ఆ తరం పరిశోధకులు నేర్పిన క్రమశిక్షణ. ఆ దారిలోనే తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లో ఏర్పడింది. జానపద, గిరిజన కళలకోసమే ఒక పీఠం ఈ నగరంలో ఉండడం చిన్న విషయం కాదు.

రామరాజు తరానికి కలం, కాగితమే దిక్కు. మాటలు దక్కాయి, నడక దక్కలేదు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనుకే నడక దక్కుతుంది. రికార్డు చేశాక ఆ ఫైలు పేరులో ఊరు, తేదీ, పాడినవారు, వారికి నేర్పినవారు, వంత ఏది, వాద్యం ఏది అన్నవి చేరిస్తే చాలు, టేపు పెట్టె మీద రాత చేసే పని అదే చేస్తుంది. సినిమా కోసమో మిక్స్ కోసమో ఆ పాట తీసుకున్నవారు ఆ వివరాలను కొత్త రూపంతో పాటు ముందుకు పంపాలి. 2024 నాటి రాష్ట్ర గీతం పక్కన ఉద్యమ కాలపు రూపాన్నీ, మేడారం జాతర పాటల పక్కన కోయ డోలి కథనూ, ‘సారంగదరియా’ పక్కన ఊళ్లలో పాడే పాటనూ ఉంచితే ఓరుగల్లు పాటల సంపుటికి మొదటి పుటలు సిద్ధమవుతాయి.